లెన్ మడమ

లొరేన్‌కి అన్నిటికన్నా పెద్ద భయం, తన పాపకి చెవులు వినిపించవేమోనని. మిగతా భయాలన్నీ దీని ముందు చిన్నవే. భర్త గ్యారీ పనిచేసే గోడకాగితాల ఫ్యాక్టరీ మూసేస్తారంటున్నారు. మూసేస్తే మూసేస్తారు, బర్న్‌లీలో మూతపడనిది ఏముంది గనక. పాపకి దగ్గొస్తే తెల్లారేసరికి తగ్గుతుంది. ఇది అలా తగ్గేది కాదు. వంటింట్లో గిన్నె మూత కావాలని జారవిడిచి చూసేది లొరేన్. తలుపు దఢాలున వేసి చూసేది. జెమ్మా ఒక్కోసారి ఉలిక్కిపడేది. ఒక్కోసారి తన కాలి బొటనవేలు పట్టుకుని, లోకంలో ఇంకేమీ లేనట్టు దానితోనే ఆడుకునేది.

గురువారం క్లినిక్కులో ఆ భయం మీద ముద్ర పడినట్టయింది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకోమన్నారు. ఎదురుగా ఒక అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని ఎర్ర చెక్కబొమ్మ ఆడిస్తూ నవ్వుతోంది. నర్సు మిసెస్ పిల్లింగ్ వెనక్కి వెళ్ళి, కుడిచెవి పక్కన గిలక్కాయ ఆడించింది. పాప తిరగలేదు. ఎడమవైపు ఆడించింది. తిరగలేదు. కప్పు అంచు మీద చెంచాతో రాసింది. పాప ఎదురుగా ఉన్న అమ్మాయి పెదాలకేసే కళ్ళప్పగించి చూస్తోంది.

"జలుబేమైనా చేసిందా అమ్మా?"

"లేదండీ."

"సోమవారం మళ్ళీ తీసుకురా. అప్పుడూ తిరక్కపోతే పెద్దాసుపత్రికి రాస్తాను. కంగారుపడకు."

కంగారుపడకు అనేవాళ్ళెవరూ ఆ కంగారు తగ్గే మాట ఇంకొకటి చెప్పరు. డ్రమ్ముల పక్కన పడుకోబెడితే పసిపిల్లల చెవులు పోతాయా అని అడుగుదామనుకుంది లొరేన్. కడుపుతో ఉన్నప్పుడు కూడా తన తండ్రి బ్యాండు సాధనకి వెళ్ళి, ఆయన కాలితో మోగించే పెద్ద డ్రమ్ము పక్కనే స్టూలేసుకుని కూర్చునేది. డ్రమ్ము మోగినప్పుడల్లా లోపల పాప తన్నేది. అప్పుడది ముచ్చటగా ఉండేది. బడి మధ్యలో మానేసినప్పట్నుంచీ, బల్లకి అవతల కూర్చున్నవాళ్ళని ప్రశ్న అడగాలంటే ఆమెకి నోరు పెగలదు. పాపకి టోపీ పెట్టి, తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చేసింది.

*

శుక్రవారం సాయంత్రం చర్చి కింది గదిలో సాధన. ఇరవయ్యొక్కేళ్ళ కిందట ది షటిల్‌మెన్ అనే బ్యాండు పుట్టింది ఆ గదిలోనే. అప్పట్లో ఈ ఊళ్ళో ప్రతి వీధికీ ఒక బ్యాండు ఉండేదంటారు. మగ్గం దగ్గర్నుంచి లేచినవాడు లేచినట్టే గిటారు పట్టేవాడట. ఇప్పుడు మిగిలింది ముగ్గురు. పాడుతూ గిటారు వాయించే రెగ్, మాంసం కొట్టువాడు. బేస్ గిటారు లెన్, బస్సు డ్రైవరు. డ్రమ్ములు లొరేన్ వాళ్ళ నాన్న నార్మన్. నాలుగోవాడు టెర్రీ ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడ గొర్రెలమ్ముకుంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో కచేరీ. వాళ్ళ ఒకే ఒక్క రికార్డు వచ్చి ఇరవయ్యొక్కేళ్ళయిన సందర్భం అది.

లొరేన్ వెళ్ళేసరికి నార్మన్ చిన్న డ్రమ్ము చర్మం బిగిస్తున్నాడు. చెవి ఒగ్గి మోత పరీక్షించే బదులు, అరచెయ్యి ఆనించి రెండో చేతి వేలితో తట్టి చూస్తున్నాడు. మరలు ఒక్కొక్కటే తిప్పుతూ, మళ్ళీ అరచెయ్యి ఆనిస్తూ.

"వచ్చావా తల్లీ! రా రా," అన్నాడు రెగ్. "మీ నాన్నకి అప్పటి బ్యాండు ప్యాంటు పట్టడం లేదు. ఆ సూటేసుకుని డ్రమ్ముల వెనక కూర్చుంటే ఎక్కడో అక్కడ పిగులుతుంది. వినేవాళ్ళు అదీ పాటలో భాగమనుకుంటారు."

"నీకు పట్టిందా మరి?" అన్నాడు లెన్.

"నేను నిలబడి పాడేవాణ్ణి. ఊపిరి బిగబట్టుకుంటాను."

"పాడేటప్పుడు కూడానా?"

గోడకి తగిలించిన నాలుగు సూట్లూ నీలిబూడిద రంగువి. మిల్లులో మిగిలిన తానుల చివరలు తెచ్చి లొరేన్ వాళ్ళమ్మ కుట్టింది. టెర్రీది కూడా తెచ్చి తగిలించారు. రెగ్ తన సూటు భుజం మీది దుమ్ము దులుపుతూ, "ఇవేసుకుని రొట్టెల వ్యానులో లండన్ వెళ్ళాం అమ్మాయ్. దారిపొడుగునా పిండి రాలి, అక్కడ దిగేసరికి నలుగురం తెల్లగా ఉన్నాం. దెయ్యాల బ్యాండనుకున్నాడు వాచ్‌మన్," అన్నాడు.

"రికార్డు చేసినాడేనా?"

"ఆనాడే." రెగ్ గొంతు కొంచెం తగ్గింది. "మీ నాన్నని మాత్రం బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారులే. వాయించడానికి వాళ్ళ మనిషొకడు ఉన్నాడు, కళ్ళద్దాలవాడు. అప్పట్లో అదే పద్ధతి. రికార్డు మీద మొహం మీ నాన్నది, డ్రమ్ము వాడిది."

నార్మన్ తలెత్తలేదు. ఇదేమీ తనకు సంబంధించింది కాదన్నట్టు మరలు తిప్పుతున్నాడు.

లొరేన్ బండి ఆయన పక్కకి తోసింది. పాప బూట్ల తాడు ముడేస్తూ, వంగినది వంగినట్టే, నిన్న జరిగింది చెప్పింది. గిలక్కాయ ఆడించారనీ, తిరగలేదనీ, సోమవారం మళ్ళీ రమ్మన్నారనీ. తల వంచుకుని చెప్పడమే నయమనిపించింది, మొహం చూస్తే ఏడుపొస్తుంది.

"అలాగే. బాగుంటుంది," అన్నాడు నార్మన్. అని, డ్రమ్ము పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు.

లొరేన్ లేచి నిలబడింది. బాగుంటుందట! పొద్దుట పూట తను మాంసం రొట్టెల దుకాణంలో పనికి వెళ్తే, పాపని చూసుకునేది ఆయనే. మనవరాలి గురించి చెప్తుంటే వాతావరణం సంగతి చెప్పినట్టు ఆ సమాధానమేమిటి? అమ్మ ఉంటే ఇలా ఉండేదా! అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఈయనకి దేనికీ పట్టింపు లేదు. అడిగినదానికి ఒకటి, చెప్పేది ఒకటి.

బండి నెట్టుకుంటూ మెట్ల దాకా వెళ్ళి వెనక్కి చూసింది. నార్మన్ వాయించడం మొదలుపెట్టాడు. చూపు మాత్రం పాడే రెగ్ మీద లేదు, నేల మీద ఉంది. ఎదురుగా నిలబడ్డ లెన్ బూటు మడమ లేస్తూ పడుతూ ఉంది.

*

ఆదివారం పన్నెండయ్యేసరికి క్లబ్బు నిండిపోయింది. ఆడవాళ్ళకి ఇక్కడ సగం సభ్యత్వమే, గొంతు మాత్రం నిండా ఉంది. బఠాణీల ముద్ద వాసన, సిగరెట్ల పొగ, తడి కోట్ల వాసన. గ్యారీ ఆదివారం కూడా డ్యూటీలో ఉన్నాడు. లొరేన్ వెనక గోడ దగ్గర, వేదికకి వీపు పెట్టి పాప బండిని నిలబెట్టింది. చెవులకి దూది పెడదామా వద్దా అని ఆలోచించి, వినబడనివాళ్ళకి దూదెందుకనే మాట మనసులోకి రాగానే దూది సంచీలో పడేసింది. పక్కన కూర్చున్న ఎల్సీ ఆంటీ ఇది చూసింది.

ఎల్సీ నలభయ్యేళ్ళు మగ్గాల మీద పనిచేసింది. షెడ్డులో ఒక్కసారి వందల మగ్గాలు ఆడుతుంటే మనిషి గొంతు మనిషికి చేరదు. అందుకని అక్కడివాళ్ళంతా గొంతు లేకుండా, పెదాలు పెద్దగా ఆడించి మాట్లాడుకునేవారు. ఆ అలవాటు ఇళ్ళలోకీ వచ్చింది. లొరేన్ వాళ్ళమ్మా నాన్నా టీ బల్లకి అటూ ఇటూ కూర్చుని, చప్పుడు చెయ్యకుండా గంటసేపు పోట్లాడుకోగలిగేవాళ్ళు. ఇప్పుడు ఎల్సీ కూడా గొంతు లేకుండానే అడిగింది: 'ఏమయిందే?'

'ఏం లేదు ఆంటీ,' అంది లొరేన్ పెదాలతోనే.

'ఏం లేకపోతే ఆ మొహమేంటి, చల్లారిపోయిన టీ లాగా?'

కార్యక్రమాల కార్యదర్శి మైకు ఊది, "నిశ్శబ్దం! నిశ్శబ్దం! మాంసం రొట్టెలు వచ్చాయి, ఎవరూ పరిగెత్తకండి. రొట్టెల తర్వాత అంకెల ఆట, ఆట తర్వాత మన పిల్లలు!" అన్నాడు. ఆ పిల్లల్లో అందరికన్నా చిన్నవాడు నార్మన్. నలభయ్యారేళ్ళు.

నీలిబూడిద సూట్లలో ముగ్గురూ వేదికెక్కగానే ఆడవాళ్ళు ఈలలేశారు. మొదటి పాటలో రెగ్ గొంతు రెండు చోట్ల జారింది, ఎవరికీ పట్టలేదు. రెండో పాటకి బల్లలు పక్కకి జరిపారు. వయసుమళ్ళినవాళ్ళు లేచి, అప్పటి అడుగులే వేశారు. మోకాళ్ళు ఒప్పుకున్నంత వరకే వేశారు. ఒకావిడ ఎవరితోనో, "ఈ పాటకే కదే నువ్వు స్టాన్‌ని వదిలేసి ఆల్బర్ట్‌తో ఆడావు!" అంటే, "అందుకే ఇప్పుడు ఆల్బర్ట్ సాక్సులు ఉతుకుతున్నాను," అంది ఆవిడ.

ఆ తర్వాత కాలువగట్టు పాట. వాళ్ళ రికార్డు అదే. ఒక్క వేసవి రేడియోలో వచ్చింది. ఆ వేసవిలో మిల్లు గేటు దగ్గర ఆడపిల్లలు నార్మన్ కోసం నిలబడేవారని అమ్మ మూతి ముడుచుకుని చెప్పేది. మొదటి పలుకు అందుకోగానే హాలంతా లేచి పాడింది. నార్మన్ కళ్ళు మూసుకున్నాడు. ఈ పాటకి మాత్రం ఆయనెప్పుడూ కళ్ళు మూసుకునే వాయిస్తాడు. చేతులు పైకి లేచాయి. అంత గట్టిగా ఆయన వాయించడం లొరేన్ ఎప్పుడూ వినలేదు.

వేదిక పైన గోడకి ఒక లైటు పెట్టె ఉంది. ఇరుగుపొరుగువాళ్ళ ఫిర్యాదులు పడలేక క్లబ్బువాళ్ళు పెట్టించారు. చప్పుడు హద్దు దాటితే నారింజ రంగు, ఇంకా దాటితే ఎరుపు. ఎరుపు వెలిగాక తగ్గించకపోతే వేదికకి కరెంటు అదే కట్టేస్తుంది. ఇది తెలియని బ్యాండు లాంక్‌షైర్‌లో లేదు. నారింజ వెలగగానే పుల్లలు తేలికపడాలి. కరెంటు పోతే అందరూ ఆగి, తలలు గోక్కుని, జనం గోల చేస్తుంటే కార్యదర్శి మీట నొక్కేదాకా నిలబడాలి.

రెండో చరణం చివర ఎరుపు వెలిగింది. కరెంటు పోయింది. గిటారు సగంలో తెగిపోయింది. రెగ్ గొంతు మైకులోంచి మాయమై, ఒంటి గొంతైపోయింది.

డ్రమ్ము ఆగలేదు.

ఒక్క క్షణం హాలంతా నోరు తెరుచుకు చూసింది. నార్మన్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. మూడో చరణంలోకి సాఫీగా దాటాడు. ఎక్కడ విరామమివ్వాలో అక్కడిచ్చి, రెండు దెబ్బలు వేసి, మళ్ళీ అందుకున్నాడు. రెగ్ ఆయన వైపు తిరిగాడు. అంతలోనే జనం వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి, ఉన్న గొంతంతా పెట్టి పాడాడు. అది వాళ్ళు కావాలని చేసిన విద్యనుకుని హాలంతా పాట అందుకుంది. గిటార్లు లేవు. డ్రమ్ము, రెండొందల గొంతులూ.

లొరేన్ లెన్‌ని చూసింది. అతని గిటారు లోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. అయినా వేళ్ళు తీగల మీద ఆగకుండా నడుస్తున్నాయి, మడమ చెక్క మీద పడుతూనే ఉంది. ఎవరికోసం వాయిస్తున్నాడీయన అనుకుంది.

పాట అయిపోయింది. చప్పట్లు, ఈలలు. కార్యదర్శి మీట కోసం తడుముకుంటూ వేదిక వెనక్కి వెళ్ళాడు. ఏం జరుగుతుందా అని అందరూ చూస్తుండగా హాలు కాస్త సద్దుమణిగింది. ఎల్సీ, పాప బండి వెనకాల, ఆలూ చిప్స్ పొట్లం నెమ్మదిగా చింపింది.

జెమ్మా తల గిర్రున తిరిగింది.

లొరేన్ చెయ్యి చాచింది. "ఆంటీ, ఆ పొట్లం ఇటివ్వు." పాప మొహం తనవైపు కాకుండా బండి తిప్పి, ఎడమవైపు చెవికి జానెడు దూరంలో పొట్లాన్ని వేళ్ళతో కొంచెమే నలిపింది. పాప అటు తిరిగింది. కుడివైపు నలిపింది. ఇటు తిరిగింది. చిప్స్ కోసం చెయ్యి కూడా చాపింది.

"దానికి ఉప్పు పెట్టకే, పసిది," అంది ఎల్సీ. లొరేన్ ఆవిడ మెడ చుట్టూ చేతులేసి ఏడ్చేసింది. "ఒక్క పొట్లానికేనా ఇంత! ఇంకోటి కొనిపెడతాలే."

*

ఎవరికి ముందు చెప్పాలి? నాన్నకి. శుక్రవారం కోపం అప్పుడే ఎటో పోయింది. పాపని చంకనేసుకుని వేదిక వెనక ఉన్న గదిలోకి పరిగెత్తింది. నార్మన్ చొక్కా బొత్తాలు విప్పుకుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా తల్లీ! ఆఖరి చరణంలో లెన్ గిటారు ఎంత తియ్యగా ఉందో విన్నావా? ఇరవయ్యొక్కేళ్ళలో వాడు అంత బాగా వాయించడం ఇదే."

లొరేన్ గడపలోనే ఆగిపోయింది. లెన్ అక్కడే ఉన్నాడు, గిటారు పెట్టెలో పెడుతున్నాడు. తలెత్తలేదు. రెగ్ ఆమె మోచెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకొచ్చాడు.

"మాకు తెలుసమ్మాయ్."

"ఎప్పట్నుంచి?"

"మిల్లు మూసేసేనాటికే చెవుడు కొంచెం ఉండేది. షెడ్డులో మీ నాన్నలాంటి మగ్గాల మేస్త్రీలకి ఉన్నదే కదా. మీ అమ్మ పోయాక వినికిడి మొత్తం పోయింది. మీ అమ్మ ఉండగా ఎవరికి తెలుస్తుంది? ఆవిడ పెదాలతోనే సంసారం చేసింది." చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "లెన్ మడమ చూసి వాయిస్తాడు, కళ్ళు మూసుకుంటే చెక్కలో ఆ అదురు పట్టుకుని. నాకు దమ్ము లేదు, లెన్‌కి ఒక చేతి రెండు వేళ్ళు వంగవు, వాడికి చెవులు లేవు. ముగ్గురినీ కలిపితే ఒక మనిషవుతాం. ఆ ఒక్కడితో నడిపిస్తున్నాం."

"నాకు చెప్పాలని లేదా రెగ్ అంకుల్ మీకు? పాప ఉంటోంది ఆయన దగ్గర!"

పాప గురించి ఆలోచించలేదు వాళ్ళు. మగవాళ్ళు బ్యాండు గురించి ఆలోచించారు.

*

సోమవారం మిసెస్ పిల్లింగ్ గిలక్కాయ ఆడించీ ఆడించకముందే జెమ్మా తిరిగింది. "మొన్న ఏమయిందే నీకు?" అంది నర్సు. లొరేన్‌కి తెలుసు ఏమయిందో. రోజూ పొద్దుటపూటంతా తాతయ్య పెదాలు చూసి పెరిగిన పిల్లకి, ఎదురుగా మొహం ఉంటే వెనక గిలక్కాయతో పనిలేదు. ఈసారి ఆ బొమ్మ ఆడించే అమ్మాయి సెలవులో ఉంది. ఎదురుగా ఉన్నది గోడే.

అక్కణ్ణుంచి నేరుగా నాన్న ఇంటికి వెళ్ళింది. వీధి తలుపు తీసే ఉంది. లోపల కెటిల్ ఈల వేస్తోంది, ఎప్పట్నుంచి వేస్తోందో, గొంతు బొంగురుపోయి. నార్మన్ దానికి వీపు పెట్టి, బల్ల మీద కాగితాలు పరచుకుని, డ్రమ్ములతో వాయించే తాళాలకి పాలిష్ పెడుతున్నాడు. ఇత్తడి మీద గుడ్డ గుండ్రంగా తిరుగుతోంది. లొరేన్ స్టవ్ ఆపింది. కెటిల్ అడుగున నీళ్ళు చుక్కే మిగిలాయి. ఆయన తిరగలేదు. అంత దగ్గర్లో నిలబడి "నాన్నా" అంది. ఇంకోసారి అంది.

చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి కూర్చుంది. గొంతు లేకుండా, అమ్మలాగా పెదాలు పెద్దగా కదిపి చెప్పింది: 'పాపకి వినిపిస్తోంది. ఇప్పుడే చూశారు.'

నార్మన్ చేతిలో గుడ్డ ఆగింది. "వినిపించకపోవడమేమిటి?" అన్నాడు పైకి. ఆ తర్వాత, శుక్రవారం ఆమె చెప్పగా తను వినలేకపోయినదేమిటో ఆమె మొహంలో చదువుకున్నాడు.

'నీకు?' అంది లొరేన్.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కనబడకుండా ఆయన వేసుకోగలిగిన తలుపు అదొక్కటే. లొరేన్ ఆగింది. పాప బల్ల మీదున్న తాళాన్ని అరచేత్తో చరిచి, ఆ మోతకి తనే నవ్వింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చారు," అన్నాడు. "మళ్ళీ ఎవరూ నాకు టీ ఇవ్వకుండా ఉండాలనే దాచాను. అంతే."

'పాప ఏడిస్తే ఎలా తెలిసేది నాన్నా?'

కుడి అరచెయ్యి చూపించాడు. "పడుకున్నంతసేపూ దాని గుండె మీద ఈ చెయ్యి వేసి కూర్చునేవాణ్ణి. ఏడుపు రాకముందే ఇక్కడ తెలుస్తుంది. డ్రమ్ములాగే." ఆ చెయ్యి పాప వీపు మీద ఆనించాడు. "ఒక్కసారి కూడా తియ్యలేదు. కానీ తల్లీ, నడక వచ్చాక చెయ్యి సరిపోదు. నీకెలా చెప్పాలా అనుకుంటున్నాను. రేపట్నుంచి ఎల్సీ దగ్గర వదులు."

లొరేన్ అక్కర్లేదని అనబోయింది. కెటిల్ వైపు చూసింది. అనలేదు. బండిలో పాప దుప్పటీ, పాలసీసా, తాతయ్య చెక్కతో చేసిన చిన్న డ్రమ్ము పుల్లలూ సర్దుతుంటే ఆయన సాయం పట్టాడు, ఏది ఎక్కడ పెట్టాలో ఆమెకన్నా ఆయనకే బాగా తెలుసు.

ఇప్పుడు పాప పొద్దుటి పూట ఎల్సీ దగ్గరుంటోంది. లొరేన్ ఒంటిగంట దాకా దుకాణంలో ఉంటుంది. పిండి పిసుకుతూ కూడా నాన్న ఇంట్లో స్టవ్ మీద ఏముందోనని ఆమె మనసు పీకుతూనే ఉంటుంది. రెగ్‌కీ లెన్‌కీ ఆ వేళ పనులుంటాయి. అందుకని మీలో ఎవరైనా పొద్దుటిపూట కాలువ వంతెన దాటి ఆ వీధిలోకి వస్తే, మూడో ఇంట్లో ఒక్కసారి తొంగిచూసి వెళ్ళండి. తలుపు తీసే ఉంటుంది, పిలవకుండా లోపలికి వెళ్ళండి. వెనకనుంచి మాత్రం వెళ్ళకండి, ఉలిక్కిపడతాడు. ఎదురుగా వెళ్ళి నిలబడి, మీ మొహం ఆయనకి కనబడనివ్వండి.